ఎర్త్ అంటే ఏ ఎర్త్

కరెంటు పోయిన ఇంట్లో షాక్ ఎలా కొడుతుందని నవ్విన వాళ్ళను నేను ఇంకా క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు. నవ్వింది ఇద్దరు. ఒకడు నా భార్య సొంత తమ్ముడు, ఇంకొకడు ఫోనులో మాట్లాడిన కరెంటాఫీసు మనిషి. వాళ్ళు నవ్వుతున్నప్పుడు నా భార్య తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకొని, బొమ్మల కొలువు ముందు కుర్చీలో కూర్చుని ఉంది. పోయిన దసరాకు తిరుపతిలో మా ఇంటి హాల్లో జరిగిన సంగతి ఇది. నా చేతులతో నేను చేసిన పెట్టె మీద ఆమె చెయ్యి ఉండగా జరిగింది.

నేను పెద్ద చదువులు చదవలేదు. బడి మానేసి చిత్తూరులో మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణంలో చేరాను. పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ ఆంప్లిఫయర్లు మోసుకుపోయి, అవి చచ్చినప్పుడల్లా విప్పి చూసి నేర్చుకున్నాను. పాత కాగితాల కొట్లో దొరికే తమిళ రేడియో పత్రికల్లో ముందు బొమ్మలు చదివాను, అక్షరాలు ఆ తర్వాత కూడబలుక్కున్నాను. అన్నేళ్ళలో నాకు గట్టిగా తెలిసింది ఒక్కటే. ఏ సామానూ ఊరికే కాలిపోదు. జనం మాత్రం "కాలిపోయింది" అంటారు, అదేదో తనకు తానే నిప్పు పెట్టుకున్నట్టు. కాల్చారు అనాలి. ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు బద్ధకిస్తేనే కాలుతుంది.

రైలు పిచ్చి నాకు పాకాల జంక్షన్‌లో పట్టింది. చిన్నప్పుడు మా నాయన బెల్లం వేసుకొని అటు పోయినప్పుడల్లా నన్ను వెంట తీసుకుపోయేవాడు. ఆయన బేరాలు ఆడుతుంటే నేను మీటర్ గేజి ఇంజను ముందు నిలబడేవాణ్ణి. తర్వాత ఆ చిన్న పట్టాలు పీకి పెద్ద పట్టాలు వేశారు. మంచిదే, వేయాల్సిందే. కానీ ఆ చిన్న రైలు ఇక ఎక్కడా కనబడదని తెలిసినప్పుడు నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. ఆ కోపంతోనే దాన్ని ఇంట్లో చేశాను. పెట్టెలకు నూనె డబ్బాల రేకు, పట్టాలకు ఇత్తడి బద్దీలు, ఇంజనులో పాడైపోయిన టేప్‌రికార్డరు మోటారు. అప్పటి నుంచి ప్రతి దసరాకూ మా కొలువు మెట్ల ముందు ఆ రైలు తిరుగుతుంది. మెట్ల మీద బొమ్మలు మా ఆమెవి, కింద రైలు నాది. బొమ్మల్లో నేను వేలు పెట్టను, రైల్లో ఆమె వేలు పెట్టదు. అలాగే జరిగిపోయింది ఇన్నాళ్ళూ.

పోయిన ఏడు దసరా ఇంకా దగ్గర పడకముందే ఆమె పెరటి మెట్టు మీద జారిపడింది. మోకాలి కింద ఎముక విరిగింది. విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాము. కాలు నేల మోపకూడదని చెప్పి పంపారు. సరే, ఈ ఏడు కొలువు వద్దులే అన్నాను.

"బొమ్మలు నువ్వు పెట్టు. యాడ ఏది పెట్టాల్నో కూసోని నేను సెప్తా," అంది.

చెప్పింది. రాముణ్ణి అంగడి చెట్టియారు బొమ్మ పక్కన పెట్టినందుకు తిట్టింది కూడా. అంతా పెట్టాక చూసుకొని, ముఖం చిన్నబుచ్చుకుంది.

"మళ్ళీ ఏమైంది మే?"

"వచ్చినోళ్ళకు లేసి బొట్టు పెట్టలేను గదా. కుర్సీలో కూసోని, అదో ఆడ కుంకం ఉండాది పెట్టుకోండి అంటే ఏం మర్యాద? సినిమా హాల్లో టిక్కెట్లిచ్చినట్టు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ముత్తైదువలకు బొట్టు పెట్టడానికే ఆమె కొలువు పెట్టేది, బొమ్మలు చూపించడానికి కాదు. అందుకని రైలుకు ఒక చదును పెట్టె తగిలించి, దాని మీద కుంకుమ భరిణె కూర్చోబెట్టాను. పట్టాలను ఆమె కుర్చీ పక్క నుంచి మొదలుపెట్టి, ఆడవాళ్ళు కూర్చునే చాప పొడుగునా ఒక పలక మీద పరిచాను. ఆమె తన పక్కనే, రైలుకు కరెంటు ఇచ్చే పెట్టెకున్న తిరుగుడు మీట తిప్పితే రైలు కదులుతుంది, ఎవరి ముందు ఆపితే వాళ్ళు బొట్టు పెట్టుకుంటారు. లేచి పోలేకపోయినా, ఫలానా ఆమెకు నేను పంపాను, ఆమె ముందు నేను ఆపాను అన్నది ఉంటుంది.

విని, భరిణెను వేలితో కదిపి చూసింది. తర్వాత, "కుంకం ఒలికితే నిన్నే తుడవమంటా," అంది. అంటే ఒప్పుకుందని అర్థం.

కుంకుమ ఒలకకూడదంటే రైలు దూకకూడదు, కుదుపుతో ఆగకూడదు. అదంతా ఆ రెగ్యులేటరు పెట్టె పని. మా ఇంట్లో దాని పేరు అదే. ఇంతకుముందు చేసినవి ఎన్నో పోయాయి. మా వీధికి వచ్చే కరెంటు ఒకపూట దీపం బుడ్డిలా మినుకుమంటుంది, ఒకపూట బల్బులు పేలేలా ఎగురుతుంది. అడిగితే "లోడు ఎక్కువైందప్పా" అంటారు. లోడు మా ఇంటి మీద పగబట్టిందా? నేను ఊరుకోకుండా ఒక్కొక్క చావుకూ ఒక్కొక్క కాపలా పెట్టుకుంటూ వచ్చాను. కరెంటు ఎగిరినప్పుడు తానే అడ్డం పడి ఫ్యూజును కాల్చేసే నీలం బిళ్ళ ఒకటి, పెట్టెలోకి కరెంటు వచ్చే వాకిట్లో పెట్టాను. మోటారును ఆపినప్పుడు అది వెనక్కి తన్నుతుంది, ఆ తన్ను మోటారు వేగం పెంచి తగ్గించే ట్రాన్సిస్టరుకు తగలకుండా, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడును అడ్డంగా టంకం వేశాను. రైలు పట్టా తప్పి చక్రాలు రెండు పట్టాలనూ కలిపేస్తే షార్టవుతుంది. దానికి కారు బల్బు ఒకటి మధ్యలో పెట్టాను. షార్టయితే ఆ బల్బు వెలుగుతుంది, మిగతాది బతుకుతుంది. ఇవన్నీ కలిపి ఒక స్టీలు డబ్బాలో బిగించాను. మీట కూడా లోహందే. డబ్బాలో ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడైనా చెడి కరెంటు డబ్బాకు తగిలితే అది నేలలోకి పోవాలి గానీ మనిషిలోకి రాకూడదని, డబ్బాను మూడు కాళ్ళ ప్లగ్గులో మూడో కాలికి కలిపాను. పెరట్లో బొగ్గూ ఉప్పూ పోసి ఎర్త్ గుంత ఎప్పుడో నేనే తీయించాను. దాని పచ్చ తీగ మీటరు పెట్టె దాకా వచ్చి ఉంది.

కుర్చీ పక్కన ప్లగ్గు లేదు. టంకం వేయడానికి నా చేతులు ఇంకా పనికొస్తాయి గానీ గోడ చీల్చి పైపు వేసే ఓపిక పోయింది. మా వీధి చివర ఉండే ఎలక్ట్రీషియనును పిలిచి, ఇక్కడ మూడు కాళ్ళ ప్లగ్గు పెట్టు, మూడో కాలికి ఎర్త్ ఇయ్యి, మరిచిపోవద్దు అని చెప్పాను. ఒకసారి కాదు, తలుపు దాటేటప్పుడు కూడా చెప్పాను.

"ఎర్త్ ఇయ్యకుండా ఎట్ల సామీ," అన్నాడు. ఇచ్చాడు కూడా. అక్కడే ఉంది అసలు సంగతి.

కొలువు మొదలైంది. మొదటి సాయంత్రాలు నా బతుకులో మంచి సాయంత్రాలని చెప్పాలి. మా ఆమె మీట తిప్పడం నాకంటే బాగా నేర్చుకుంది. రైలు చాప పొడుగునా పెళ్ళికూతురిలా నడిచేది. నచ్చిన వాళ్ళ ముందు కాస్త ఎక్కువసేపు ఆపేది. గిట్టని ఒకామె ముందు ఆపీ ఆపకుండా దాటించేసి, "బ్రేకు సరిగా లేదమ్మా, మా ఆయన చేసింది," అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేను వంటింట్లో గుగ్గిళ్ళు తిరగమోత వేస్తూ వినేవాణ్ణి.

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకు, ఆడవాళ్ళు ఇంకా రాకముందు, పూతలపట్టు నుంచి మా బావమరిది వచ్చాడు. టైర్ల దుకాణం నడిపి నడిపి ఇప్పుడు కొడుక్కి అప్పగించి, ఊళ్ళు తిరుగుతూ అందరికీ సలహాలిస్తుంటాడు. ఆమె వాడికి రైలు నడిపి చూపిస్తోంది. ఉన్నట్టుండి ఫ్యాను ఆగింది, కొలువు మీది రంగు బల్బుల దండ ఆరింది. ఇల్లంతా చీకటి, ప్రమిదల వెలుగు తప్ప.

"పోయింది కరెంటు," అన్నాడు బావమరిది.

ఆ మాట ముగియకముందే ఆమె కెవ్వుమంది. చెయ్యి విసిరి వెనక్కి లాక్కుంది.

"ఏమైందక్కా?"

"కొట్టింది. పెట్టె కొట్టింది. సెయ్యంతా జివ్వుమని పైకి పాకింది."

వాడు నవ్వాడు. "కరెంటే లేదు, షాక్ యాడ్నించి వచ్చిందక్కా? సీకట్లో జడుసుకున్నావు."

"జడుసుకోవడానికి నేనేమన్నా సంటిబిడ్డనా?"

"బావా, నువ్వన్నా సెప్పు. కరెంటు లేనప్పుడు షాక్ కొడతాదా?" అంటూనే డబ్బా మీదికి చెయ్యి సాచాడు, ఏమీ లేదని చూపించడానికి. వాణ్ణి నేను ఎలా తోశానో నాకే తెలియదు. గోడకు తగిలి నిలబడ్డాడు. డబ్బా తీగను గోడ నుంచి పీకి, టెస్టరు తీసి ప్లగ్గు రంధ్రాల్లో పెట్టి చూశాను. ఫేజులో వెలిగింది. అది వెలగాలి, సరే. న్యూట్రల్‌లో పెట్టాను. అక్కడా వెలిగింది. మూడో రంధ్రంలో పెట్టాను. అక్కడా వెలిగింది. తీగ మళ్ళీ గుచ్చి డబ్బాకు ఆనించాను. ఫ్యాను తిరగని, బల్బు వెలగని ఆ ఇంట్లో నా డబ్బా మాత్రం టెస్టరులో ఎర్రగా వెలిగింది. మెయిను కట్టేశాను.

మీకు అర్థం కావడానికి చెబుతున్నాను. ఇంటికి కరెంటు ఒక తీగలో వస్తుంది, ఇంకో తీగలో తిరిగిపోతుంది. వచ్చేది ఫేజు, తిరిగిపోయేది న్యూట్రల్. ఆ సాయంత్రం స్తంభం దగ్గర న్యూట్రల్ అతుకు ఊడింది. ఫేజు వస్తూనే ఉంది. ఫ్యాను స్విచ్ వేసే ఉంది, బల్బుల దండ స్విచ్ వేసే ఉంది. వాటి గుండా ఇవతలి న్యూట్రల్ తీగలోకి వచ్చిన కరెంటు తిరిగిపోవడానికి దారి లేక ఆగిపోయింది. మనం కరెంటు పోయిందంటాము. అది పోలేదు. పోయే దారి పోయింది. ఇల్లంతా కాచుకొని కూర్చుంది, ఎవరు దారి ఇస్తారా అని.

మరి నా డబ్బాలోకి ఎలా వచ్చింది? బోర్డు మరలు విప్పి, ప్రమిద దగ్గర పెట్టుకొని చూశాను. పచ్చ తీగ లేదు. న్యూట్రల్ కాలి నుంచి మూడో కాలికి జానెడైనా లేని నల్ల తీగ ముక్క ఒకటి చక్కగా చుట్టి, మర బిగించి ఉంది. ఎంత శ్రద్ధగా బిగించాడో. ఆ శ్రద్ధ చూస్తే నాకు ఇంకా మండింది.

నా రెగ్యులేటరులో ఏ భాగమూ కాలలేదు. నీలం బిళ్ళ, డయోడు, కారు బల్బు, ట్రాన్సిస్టరు, అన్నీ క్షేమం. పెట్టెను కాపాడటానికి ఇన్ని పెట్టాను. పెట్టెను పట్టుకున్న చేతిని కాపాడటానికి ఉన్నది ఆ మూడో తీగ ఒక్కటే. ఆ తీగ గుండానే వచ్చింది. పుత్తూరు కట్టున్న కాలు పీట మీద ఉండబట్టి, రెండో కాలి బొటనవేలు మాత్రమే నేలకు ఆనబట్టి ఆమె చెయ్యి వెనక్కి తీసుకోగలిగింది. రెండు పాదాలూ తడి నేల మీద ఉండి ఉంటే ఈ మాటలు నేను రాసేవాణ్ణి కాదు.

ఆఫీసుకు ఫోను చేశాను. అవతలి మనిషి అంతా విని, "కరెంటు లేదంటావు, షాక్ కొట్టిందంటావు. ఏదో ఒకటి సెప్పు పెద్దాయనా," అని నవ్వాడు. ఆ నవ్వు గురించే మొదట్లో చెప్పింది. ఆ తర్వాత లైన్‌మన్ వచ్చి నిచ్చెన వేసి, నల్లగా మాడిన అతుకు తీసి కొత్తగా బిగించి పోయాడు. అతణ్ణి నేనేమీ అనను, పిలవగానే వచ్చాడు.

తెల్లారగానే ఎలక్ట్రీషియనును పిలిపించాను. ఆ తీగ ముక్కను అరచేతిలో పెట్టుకొని చూపించాను.

"ఏందప్పా ఇది?"

"ఎర్త్ సామీ. నువ్వు ఇయ్యమన్నావు గదా, ఇచ్చినాను."

"ఇది న్యూట్రల్‌కు ఇచ్చినావు."

"అదే గదా ఎర్త్."

"న్యూట్రల్ ఎర్త్ ఎట్లయితాది?"

అతను నన్ను జాలిగా చూశాడు. "సామీ, ఫేజు ఒగటి, ఎర్త్ ఒగటి. రెండు తీగలు. మా నాయన నాకు నేర్పించింది అదే. అందురూ అనేది అదే. స్తంభం కాడ ఆ తీగను నేల్లోకే దించినారు గదా, నువ్వే పోయి సూడు."

అతను చెప్పింది నిజమే. ఈ పక్క ఊళ్ళలో న్యూట్రల్‌ను ఎర్త్ అనే అంటారు. మైకుసెట్టు రోజుల్లో నేనూ విన్నాను. పందిట్లో నిచ్చెన మీదివాడు "ఎర్త్ అందుకో" అంటే కిందివాడు న్యూట్రల్ తీగ అందించేవాడు. ఒక పేరు రెండు తీగలకు ఉంది. నేను ఒకటి అన్నాను, అతను రెండోది విన్నాడు. ఇద్దరమూ అబద్ధం ఆడలేదు. మధ్యలో ఆమె చెయ్యి ఉంది. అబద్ధం ఆడిన వాణ్ణి పట్టుకొని కొట్టొచ్చు. మాటను పట్టుకొని ఎక్కడ కొట్టాలి? అందుకే నా కోపం ఇంకా తీరలేదు.

"స్తంభం కాడ రెండూ ఒకటేనప్పా," అన్నాను చివరికి. "స్తంభం దాకా తీగ ఉన్నంతసేపే. మధ్యలో తెగితే?"

"తెగితే కరెంటు పోతాది."

"పోయి యాడ కూసుంటాది?"

అతను డబ్బా వైపు చూశాడు. తర్వాత కుర్చీలో ఉన్న మా ఆమె వైపు చూశాడు. ముఖంలో రంగు మారింది. మీటరు పెట్టె దగ్గరికి పోయి, పచ్చ తీగ లాక్కొచ్చి, మూడో కాలికి వేశాడు. గుంతలో ఉప్పు నీళ్ళు పోయించాను. ఫేజుకూ పచ్చ తీగకూ మధ్య టెస్టు బల్బు పెట్టి, నిండుగా వెలుగుతుందో లేదో చూశాను. పనిలో పనిగా అతనికి గట్టిగా చెప్పాను, ఈ ఇంట్లో ఇకమీదట ఎర్త్ అనే మాట వద్దు, పచ్చది మట్టి తీగ, నల్లది తిరుగు తీగ, అట్లే పిలువు అని.

పని అయిపోయింది గానీ మా ఆమె ఇక మీట ముట్టలేదు. పెట్టె వైపు చూస్తే చాలు చేతులు కొంగులో చుట్టుకునేది. ఆ సాయంత్రం ఆడవాళ్ళు వచ్చే వేళ దగ్గర పడుతోంది. భరిణె రైలు మీద ఖాళీగా ఉంది. నేను నేల మీద నీళ్ళు చల్లి, చెప్పులు విడిచి, డబ్బా మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను.

"చూడు. ఏమీ లేదు."

"ముందు సెయ్యి తియ్యి," అంది.

"ఏమీ లేదని చూపిస్తా ఉండాను గదా."

"నువ్వు పోతే నాకు బొట్టు పెట్టే అర్హతే పోతాది. మళ్ళ రైలు ఎవురికి? సెయ్యి తియ్యి."

తీశాను. ఆమెకు నవ్వు రాలేదు, నాకు అంతకంటే రాలేదు. కాసేపటికి, "ఆ మీట ఇనప తల తీసేసి ఇంకేదన్నా పెట్టు," అంది. వెతికితే కొలువు బొమ్మల పెట్టె అడుగున ఒక పాత కొయ్య బొంగరం దొరికింది. దాని మేకు పీకి, రంధ్రం పెద్దది చేసి, మీట కడ్డీకి బిగించాను. బొంగరం తిప్పినట్టే తిప్పొచ్చు. ఆమె ఒక వేలితో ముట్టింది, రెండు వేళ్ళతో పట్టుకుంది. భరిణెలో కుంకుమ పొయ్యమంది.

ఆ సాయంత్రం ఎలక్ట్రీషియను తన భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. మా ఆమె రైలును ఆ అమ్మాయి ముందు చాలాసేపు ఆపింది. అతను గుమ్మం దగ్గర నిలబడి, "మట్టి తీగ బాగుండాదా సామీ?" అన్నాడు.

"మా ఇంట్లో బాగుండాది. మిగతా ఇండ్లలో?"

అతను తల గోక్కున్నాడు. "అన్నిండ్లలో అదే మాదిరి సామీ. నేనొకణ్ణే గాదు, అందురూ అట్లే ఏసినారు."

ఎంత తేలికగా అన్నాడో. చాప మీద కూర్చున్న ఆడవాళ్ళనంతా ఒకసారి చూశాను. అందరూ బొట్లు పెట్టుకొని, గుగ్గిళ్ళు తింటున్నారు. అందరి ఇళ్ళలోనూ ఆ నల్ల తీగ ముక్క ఉంది. నా రక్తం మళ్ళీ మరగడం మొదలైంది. అప్పుడే మా పక్కింటామె చేతిలో దొన్నె కింద పెట్టి అంది, "మా గ్రైండరు గూడా అప్పుడప్పుడు జివ్వుమంటాది పెద్దాయనా. పిండి తడికేమో అనుకుంటా ఉండా."

మా ఆమె బొంగరం తిప్పి, రైలును కదిలించి, సరిగ్గా పక్కింటామె ముందు ఆపింది.

"బొట్టు పెట్టుకోమ్మా," అంది ఆమెతో. తర్వాత నా వైపు తిరగకుండానే, "కోపమంతా ఈడ కూసోని సూపిస్తే ఏం లాభం? టెస్టరు తీసుకొని పో. ఆ అబ్బాయిని గూడా తీసుకొని పో," అంది.

టెస్టరు జేబులో పెట్టుకొని లేచాను. ఎలక్ట్రీషియను నా వెనకే వచ్చాడు. పక్కింటి వంటింట్లో గ్రైండరు ప్లగ్గు పీకి, అతని చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చి, బోర్డు విప్పమన్నాను.